పేరు తీసేసినా బొమ్మ చెప్పేస్తుంది: ఒక ఆర్ట్ థెరపీ కేసు

ఈ కేస్ స్టడీలో ఒక్క బొమ్మ కూడా కనిపించదు. మా రంగంలో, అంటే బొమ్మలు వేయడం ద్వారా మనసుకు చికిత్స చేసే ఆర్ట్ థెరపీలో, కేసు చెప్పడమంటే మామూలుగా రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి, వచ్చినప్పుడు ఇలా వేసింది, వెళ్ళేటప్పుడు ఇలా వేసింది అని చూపించడమే. వర్క్‌షాపుల్లో ఆ స్లైడు పడగానే హాల్లో సగం మంది ఫోన్లు పైకెత్తుతారు. ఆ ఫొటోలు తర్వాత ఎక్కడెక్కడికి పోతాయని అడిగితే "పేరు తీసేశాం కదండీ" అంటారు. బొమ్మ విషయంలో పేరు తీసేయడం ఎంత తక్కువ రక్షణో ఈ కేసు చెబుతుంది. అందుకే ఇందులో థెరపీ ఎలా సాగిందన్నది కొంచెమే ఉంటుంది. ఆ బొమ్మల్ని ఎవరెవరు అడిగారు, ఎవరికి ఏం చెప్పాం, చివరికి అవి ఎక్కడికి చేరాయి అన్నదే ఎక్కువ.

క్లయింటును వెన్నెల అని పిలుస్తున్నాను. ఆ పేరు తనే పెట్టుకుంది. కుటుంబాన్నీ ఊరినీ గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఏ బొమ్మల గురించి రాయొచ్చో, వేటి గురించి రాయకూడదో తనే చెప్పింది. రాత పూర్తయ్యాక చదివి రెండు పేరాలు తీసేయమంది, తీసేశాను. ఆ లోటు అక్కడక్కడా తెలుస్తుంది.

నేపథ్యం

వెన్నెల ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయని ఇంటికి దూరంగా ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చారు. దసరా సెలవులకు ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళనంది. మొదట బద్ధకం అనుకున్నారు. తర్వాత దిష్టి తగిలిందన్నారు. రాత్రిళ్ళు నిద్రపోకుండా కూర్చోవడం, అన్నం దగ్గరికి రాకపోవడం చూసి చివరికి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన డిప్రెషన్, దాంతోపాటు యాంగ్జైటీ అని చెప్పి మందులు మొదలుపెట్టారు. ఏం అడిగినా "ఏమో" తప్ప ఇంకో మాట రాలేదట. కానీ బయట వరండాలో కూర్చున్న కాసేపట్లో మందుల కవరంతా బొమ్మలతో నింపేసిందని గమనించి నా దగ్గరికి పంపారు.

వారానికొక సెషన్. దాదాపు ఏడాది నడిచింది.

మొదటి రోజు మాట్లాడుకున్నవి

వెన్నెల మైనరు. మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్, 2017 ప్రకారం మైనరు తరఫున నామినేటెడ్ రిప్రజెంటేటివ్, అంటే చికిత్స విషయాల్లో తన తరఫున మాట్లాడే మనిషి, చట్టబద్ధమైన గార్డియనే. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ యాక్ట్, 2023 కూడా 18 ఏళ్ళు నిండని వాళ్ళ సమాచారానికి సాధారణంగా తల్లిదండ్రుల అనుమతే అడుగుతుంది. కాబట్టి వాళ్ళ నాన్న సంతకం తప్పనిసరి. బ్యాంకు కాగితాల మీద పెట్టినట్టు చదవకుండానే పెట్టేశారు. దాని కింద వెన్నెల సంతకానికి ఇంకో గీత ఉంటుంది. ఏ చట్టమూ నన్ను ఆ రెండో సంతకం అడగదు. కానీ బొమ్మ వేసేది తను. ఆ గీత ఖాళీగా ఉంటే నేను రంగుల డబ్బా తెరవను.

సంతకాల కంటే ముఖ్యం, ముగ్గుర్నీ ఒకచోట కూర్చోబెట్టి నోటితో చెప్పడం. ఇక్కడ వేసిన బొమ్మలు ఇక్కడే ఉంటాయి, ఇంటికి వెళ్ళేది వెన్నెల తీసుకెళ్తానన్నప్పుడే. గదిలో ఎవరూ ఫోన్ తియ్యరు, నేను కూడా. నెలకోసారి అందరం కూర్చుని నిద్ర, తిండి, చదువు విషయంలో ఏం చెయ్యాలో మాట్లాడుకుంటాం, అక్కడ బొమ్మలు బయటికి రావు. ప్రాణానికి ముప్పుందనిపిస్తే నేను దాచను. తన మీద ఎవరైనా లైంగికంగా దాడి చేశారని తెలిసినా, చేసే ప్రమాదం ఉందనిపించినా పోక్సో చట్టం, 2012 లోని 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పి తీరాలి, అది నా ఇష్టం మీద ఆధారపడిన విషయం కాదు. కోర్టు ఆర్డరు వస్తే దానికీ లోబడాలి.

వాళ్ళమ్మ అడిగారు: "లోపల ఏం జరుగుతోందో తెలియకుండా మేం ఊరికే డబ్బు కట్టి బయట కూర్చోవాలా మేడమ్?"

న్యాయమైన ప్రశ్నే. చాలామంది మనసులో పెట్టుకుని పైకి అడగరు. నేను చెప్పింది ఇది: "పిల్ల ఎలా ఉందో మీకు ఎప్పటికప్పుడు చెప్తానమ్మా. ఏం గీసిందో మాత్రం తను చెప్తేనే మీకు తెలుస్తుంది. మీరు చూస్తారని తెలిస్తే మీ కోసం గీస్తుంది. అప్పుడు నా దగ్గరికి వచ్చిన ఉపయోగం ఉండదు."

ఇది మర్యాద కోసం పెట్టుకున్న నియమం అనుకుంటారు కొందరు. కాదు, చికిత్స నడిచేదే దీని మీద. చూసేవాళ్ళు ఇంకొకరు ఉన్నారని తెలిసిన మరుక్షణం గీత మారిపోతుంది. స్కూల్లో డ్రాయింగ్ పరీక్షకు వేసినట్టు రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద గుడిసె వచ్చేస్తాయి.

బకెట్ల బొమ్మ

వెన్నెల రాయమన్న బొమ్మల్లో ఇదొకటి. హాస్టల్లో తెల్లవారుజామున బాత్‌రూముల ముందు బకెట్ల వరస. మనుషులు ఒక్కరూ లేరు. అమ్మాయిలు రాత్రే బకెట్లు వరసలో పెట్టేసి పడుకుంటారట, తెల్లారి లేచేసరికి ఎవరి బకెట్ ఎక్కడుందో అదే వాళ్ళ వంతు. పోకుండా ఉండటానికి ప్రతి బకెట్ మీదా నెయిల్ పాలిష్‌తో పేరు రాసుకుంటారు. బొమ్మలో ఆ పేర్లన్నీ ఉన్నాయి. ఒక బకెట్‌కు చెయ్యి విరిగి, దాని బదులు చున్నీ పీలిక కట్టి ఉంది. వెన్నెల బకెట్ వరసలో లేదు. పక్కన గోడకు బోర్లించి ఉంది.

కార్ట్రిడ్జ్ షీటు మీద ఆయిల్ పాస్టెల్. బకెట్లకూ గోడకూ మధ్య ఖాళీ అంతా చేప పొలుసుల్లాంటి చిన్న చిన్న వంపులతో నింపింది. తన బొమ్మలన్నింటిలోనూ ఖాళీ జాగా అలాగే నిండుతుంది, తెలుపు ఎక్కడా మిగలనివ్వదు. పొలుసులు అని రాశాను గానీ అసలు నమూనా అది కాదు. ఎందుకు మార్చానో ఆస్పత్రి వాళ్ళ విషయం దగ్గర తెలుస్తుంది.

ఈ బొమ్మను ఒక డాక్యుమెంటులా చూస్తే అందులో వెన్నెల సమాచారం కంటే ఇతరుల సమాచారమే ఎక్కువ. బకెట్ల మీదవి అసలు పేర్లు. ఆ అమ్మాయిలు నా క్లయింట్లు కారు, వాళ్ళనెవరూ అనుమతి అడగలేదు. రాతలో అయితే "తోటి విద్యార్థినులు" అని ఒక మాటతో దాటేస్తాం. బొమ్మలో అలా దాటేయడానికి ఉండదు. ఒక పేరు మీద తెల్లరంగు పూస్తే అది వెన్నెల బొమ్మను నేను దిద్దడం అవుతుంది.

అమ్మ

నెలవారీ మీటింగు అయ్యాక వాళ్ళమ్మ గుమ్మం దగ్గర ఆగిపోయారు. "ఒక్కసారి చూపించండి మేడమ్. కన్నతల్లిని, నా దగ్గర కూడా దాపరికమేనా?"

నాకు ఆవిడ మీద విసుగు రాలేదు. మన ఇళ్ళల్లో పిల్లల డైరీ తియ్యడం, ఫోన్ చూడటం ప్రేమలో భాగమే. తలుపు గడియ పెట్టుకున్న పిల్ల ఏదో తప్పు చేస్తోందన్న అనుమానం సహజంగా వస్తుంది. ఆవిడతో వాదించి గెలిస్తే ఇంట్లో వెన్నెల మీద ఒత్తిడి పెరుగుతుంది. అందుకని విషయం వెన్నెల ముందు పెట్టాను: అమ్మ చూడాలనుకుంటోంది, నీకు ఇష్టం లేకపోతే లేదని నేను చెప్తాను, నీ పేరు రానివ్వను. రెండు వారాలు ఏమీ అనలేదు. తర్వాత, "బకెట్లది చూపిద్దాం, అదొక్కటే" అంది.

ముగ్గురం కూర్చున్నాం. ముందే అనుకున్నట్టు బొమ్మను వెన్నెలే బల్ల మీద పెట్టింది. ఆవిడ చాలాసేపు చూసి, వేలితో చూపిస్తూ, "ఇది మనం కొన్న బకెట్టే కదే" అన్నారు. వెన్నెల తలూపింది. వాళ్ళిద్దరి మధ్య హాస్టల్ గురించి మొదటి మాట అదే. ఆ వెంటనే ఆవిడ చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళింది, "మీ నాన్నకి కూడా చూపిస్తా, ఒక్క ఫొటో." వెన్నెల అరచేయి బొమ్మ మీద పెట్టేసింది. "నాన్న వస్తే చూపిస్తాలే," అంది. నేనేమీ అనక్కర్లేకపోయింది.

వెళ్ళేముందు ఆవిడ అడిగిన ఇంకో మాట రాయాలి. "నలుపు ఎక్కువ వాడిందేంటి మేడమ్, డిప్రెషనేనా అది?" యూట్యూబ్‌లో రంగును బట్టి మనసు చెప్పే వీడియోలు బోలెడు. ఈ బొమ్మలో నలుపు ఎక్కువ ఉండటానికి కారణం డబ్బాలో అదొక్కటే కొత్త పాస్టెల్, మిగతావి అరిగిపోయి వేళ్ళకు అందట్లేదు. గదిలో ఉన్నవాళ్ళకు తెలిసే ఇలాంటి సంగతులు బొమ్మతో పాటు బయటికి వెళ్ళవు. ఒంటరిగా వెళ్ళిన బొమ్మకు ఎవరికి తోచిన అర్థం వాళ్ళు అంటగడతారు.

దాచడం

గోప్యత అనగానే అందరూ సంతకాల గురించి మాట్లాడతారు. బీరువా గురించి ఎవరూ మాట్లాడరు.

ఆయిల్ పాస్టెల్ ఎప్పటికీ పూర్తిగా ఆరదు. ఒక షీటు మీద ఇంకో షీటు పెడితే ఒకరి బొమ్మ ఇంకొకరి బొమ్మ వెనక అచ్చు పడుతుంది. అంటే ఒక క్లయింటు ఫైలు తెరిస్తే ఇంకో క్లయింటు కనిపిస్తారు. అందుకే ప్రతి రెండు షీట్ల మధ్యా బటర్ పేపరు, ఒక్కొక్కరికి ఒక్కో పెద్ద ఫోల్డరు, నిలబెట్టకుండా పడుకోబెట్టి ఇనుప బీరువాలో. చెక్క బీరువా పెడితే చెదలు నాకంటే ముందు చదివేస్తాయి. వానాకాలం బూజు పట్టకుండా సిలికా జెల్ పొట్లాలు. బొమ్మ వెనక పెన్సిల్‌తో కోడ్, తేదీ మాత్రమే. ఏ కోడ్ ఎవరిదన్న రిజిస్టరు వేరే చోట, తాళం వేరు. వాటర్ కలర్ ఆరే స్టాండుకు తెర ఉంది, తర్వాత వచ్చే క్లయింటుకు కనిపించకుండా.

చెత్తబుట్ట ఇంకా ప్రమాదం. మన ఊళ్ళల్లో కాగితం పారేస్తే పోదు. పాత పేపర్ల వాడి దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి బఠాణీల పొట్లంగా బజారుకొస్తుంది. క్లయింటు చించేసిన ముక్కలు కూడా నా దగ్గర చెత్తలోకి వెళ్ళవు. గదిలో మూత ఉన్న బకెట్‌లో నీళ్ళు పోసి నానబెడతాం, గుజ్జయ్యాక పిండి పారేస్తాం. కొందరు పిల్లలకు ఆ పిసకడం బొమ్మ వెయ్యడం కంటే ఇష్టం.

ఫోన్‌తో ఫొటో అస్సలు తియ్యను. తీసిన నిమిషంలో అది క్లౌడ్‌లోకి బ్యాకప్ అవుతుంది, ఇంట్లో టీవీకి కలిపిన ఆల్బమ్‌లో స్క్రీన్‌సేవర్‌గా తిరుగుతుంది. మొదట చెప్పిన 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం డిజిటల్ రూపంలో దాచిన సమాచారానికి కూడా గోప్యత హక్కును వర్తింపజేసింది, 24వ సెక్షన్‌లో. ఎంతో అవసరమైతే నెట్‌తో సంబంధం లేని మామూలు కెమెరా ఉంది. సూపర్‌విజన్‌లో, అంటే కేసు గురించి సీనియరు థెరపిస్టుతో మాట్లాడుకునేటప్పుడు, కూడా ముందు బొమ్మను మాటల్లో చెప్తాను. చాలాసార్లు అంతకంటే అక్కర్లేదని అక్కడే తేలిపోతుంది. మాటల్లో చెప్పలేకపోతే నేను సరిగ్గా చూడలేదనే అర్థం అని మా సూపర్‌వైజరు అంటారు. అన్నిసార్లూ నిజం కాదు గానీ, ఎక్కువసార్లు నిజమే.

చెప్పక తప్పని రోజు

డిసెంబరులో ఒక సెషన్‌లో వెన్నెల వేసిన బొమ్మ, దాని కింద రాసిన ఒక వాక్యం చూసి నేను థెరపీ పక్కన పెట్టి సూటిగా అడిగాను: "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" వస్తోందని చెప్పింది. ఎప్పటినుంచి, ఎలా అనుకుంటోంది, ఎప్పుడు ఎక్కువవుతుంది, అన్నీ అడిగాను. ఆ బొమ్మ ఎలా ఉంటుందో ఇక్కడ రాయను.

తర్వాత, "మొదటి రోజు చెప్పాను, గుర్తుందా? ఇది మన ఇద్దరి మధ్య ఉంచలేను. అమ్మానాన్నలకు ఏం చెప్పాలో ఇద్దరం కలిసి అనుకుందాం" అన్నాను. డాక్టరుగారికి తన ఎదురుగానే ఫోన్ చేశాను. తల్లిదండ్రుల్ని లోపలికి పిలిచి చెప్పాల్సింది తేటగా చెప్పాను: ఈ ఆలోచనలు ఉన్నాయి, రాత్రి ఒంటరిగా పడుకోనివ్వద్దు, మందులు మీ దగ్గరే తాళంలో పెట్టి మీరే ఇవ్వండి, రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి రండి, ఈలోపు ఎప్పుడైనా టెన్షన్ అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్యండి, 24 గంటలూ ఉంటారు.

వాళ్ళ నాన్న మొహం పాలిపోయింది. "ఏం గీసింది? చూపించండి" అన్నారు.

చూపించలేదు. పిల్లను కాపాడటానికి వాళ్ళకు కావలసింది ఆ ఆలోచనలున్నాయన్న విషయం, ఇంట్లో ఏం చెయ్యాలన్న సంగతి. ఆ రెండూ చెప్పేశాను. బొమ్మ చూస్తే వాళ్ళకు అది జీవితాంతం కళ్ళ ముందు ఉంటుంది, దాని వల్ల ఆ రాత్రి వెన్నెలకు పెరిగే భద్రత ఏమీ లేదు. చట్టం గోప్యతకు మినహాయింపు ఇచ్చింది నిజమే, కానీ మినహాయింపు అంటే ఫోల్డరు మొత్తం తెరిచెయ్యడం కాదు. మర్నాడు డాక్టరుగారు కూడా బొమ్మ అడగలేదు, వెన్నెలనే అడిగారు. ఆ షీటును విడిగా కవర్లో పెట్టి, ఎందుకు విడిగా పెట్టానో, ఎవరికి ఏం చెప్పానో నోట్స్‌లో రాశాను.

కొన్నాళ్ళ తర్వాత వెన్నెల అంది, "మీరు చెప్పేశారని కోపం రాలేదు మేడమ్. చూపిస్తారేమోనని భయమేసింది."

నాన్న, లాయరు

వేసవిలో వాళ్ళ నాన్న ఒక్కరే వచ్చారు. కాలేజీవాళ్ళు హాస్టల్ ఫీజు తిరిగి ఇచ్చేది లేదంటున్నారు, లాయరుతో మాట్లాడాను, కేసు వేస్తున్నాను అన్నారు. "బొమ్మలు పెడితే కేసు బలంగా ఉంటుందట. ఆ బకెట్ల బొమ్మ చూస్తే చాలదా మేడమ్, హాస్టల్ ఎలా ఉందో తెలియడానికి?"

నేను వెంటనే ఒప్పుకోకపోయేసరికి గొంతు పెరిగింది. "పిల్ల నాది. ఫీజు కట్టింది నేను. బొమ్మలు మీవి ఎలా అవుతాయి?"

"నావి కావు సార్. మీవీ కావు."

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం బొమ్మకు మొదటి హక్కుదారు దాన్ని వేసిన మనిషి. మైనరయినా అంతే. కాగితం నేను కొన్నాను, ఫీజు ఆయన కట్టారు, వేసింది వెన్నెల. అయితే ఆయన పూర్తిగా తప్పూ కాదు. మైనరు తరఫున వైద్య రికార్డులు అడిగే స్థానం గార్డియన్‌కు ఉంది. 2017 చట్టంలో 25వ సెక్షన్ బేసిక్ మెడికల్ రికార్డులు చూసే హక్కు ఇస్తుంది. థెరపీలో వేసిన బొమ్మ ఆ రికార్డా కాదా అని చట్టం ఎక్కడా చెప్పలేదు. అసలు ఆ చట్టంలో ఆర్ట్ థెరపీ బొమ్మ అన్న ఊసే లేదు. 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం జాబితాలో డాన్స్, మూవ్‌మెంట్ థెరపిస్టులతో కలిపి మా పేరూ చేరింది గానీ, బీరువాలో ఉన్న కాగితం ఎవరిదన్నది అందులోనూ లేదు. కాబట్టి చట్టం చెప్పిందని ఆయన నోరు మూయించడం నిజాయితీ కాదు. నేను వేరేవైపు నుంచి మాట్లాడాను.

"ఈ బొమ్మలో మిగతా పిల్లల పేర్లున్నాయి సార్. వాళ్ళ నాన్నలు రేపు మిమ్మల్ని అడుగుతారు. ఇది మీరు పెట్టాక అవతలి లాయరు మిగతా బొమ్మలూ తెప్పించమంటాడు. ఒక్కటి సాక్ష్యమైతే అన్నీ సాక్ష్యమే. డిసెంబరులో వేసింది కూడా."

ఆ మాటకు ఆయన ఆగారు. డిసెంబరు బొమ్మ ఆయన చూడలేదు, కానీ అది ఉందని తెలుసు.

"ఇంకోటి. ఇది హాస్టల్ ఫొటో కాదు. వెన్నెల మనసులో ఉన్న హాస్టల్. అన్ని బకెట్లున్నాయా, ఆ చెయ్యి నిజంగా విరిగిందా అని మీ అమ్మాయిని కోర్టులో అడిగితే ఏం చెప్తుంది?"

దానికి బదులు ఏమివ్వగలనో చెప్పాను: ఎప్పటినుంచి ఎప్పటిదాకా నా దగ్గరికి వచ్చిందో ఉత్తరం. డాక్టరుగారి సర్టిఫికెట్ ఆయనే తెచ్చుకోవచ్చు. ఫీజు రసీదులు, హాస్టల్ ఔట్‌పాస్ కాగితాలు ఎలాగూ ఉన్నాయి. ఫీజు ఎప్పుడు కట్టారు, పిల్ల ఎప్పుడు వచ్చేసింది, ఎందుకు వెళ్ళలేకపోయింది అన్నవి నిరూపించడానికి ఇవి చాలు. ఒకవేళ కోర్టే బొమ్మలు అడిగితే నేను ముందు వెన్నెలకూ వాళ్ళకూ చెప్తాను, సంబంధం ఉన్నవే సీల్డ్ కవర్లో తీసుకోమని లాయరు ద్వారా కోరతాను, అయినా ఇమ్మంటే ఇస్తాను. ఆర్డరును కాదనను.

ఈ సంభాషణ జరిగిందని వెన్నెలకు చెప్పాలని ఆయన్ని ఒప్పించడం అసలు కష్టమైన పని. "చిన్నపిల్ల, దానికెందుకివన్నీ" అన్నారు. చివరికి ఆయనే చెప్పారు. "వద్దు నాన్నా" అందట. అంతటితో ఆయన ఆ ఊసెత్తలేదు. కేసు కాగితాలతోనే నడిచింది, ఎటు తేలిందన్నది ఈ రాతకు సంబంధం లేదు.

ఆస్పత్రి పోస్టరు

అక్టోబరు 10, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. ఒక ఆస్పత్రి వాళ్ళు అవగాహన కోసం ప్రదర్శన పెడుతున్నారు. "మేడమ్, వచ్చినప్పటిదొకటి, ఇప్పటిదొకటి, రెండు బొమ్మలిస్తే చాలు. పేరు వెయ్యం, వయసు కూడా వెయ్యం. వాళ్ళమ్మగారు సరేనన్నారు" అని కోఆర్డినేటర్ ఫోన్ చేశారు. మంచి ఉద్దేశమే. వెన్నెల అప్పటికి చాలా తేరుకుంది, ఇంటి నుంచే ఇంటర్ చదువుతోంది. తననే అడిగాను.

"పేరు లేకపోతే ఏంటి మేడమ్? ఇది చూస్తే మా రూమ్‌మేట్స్‌కి తెలీదా?" అని ఖాళీని నింపిన ఆ గీతల మీద వేలు పెట్టింది.

హాస్టల్లో ఉన్నప్పుడు స్నేహితురాళ్ళ నోట్సుల మార్జిన్లన్నీ ఆ గీతలతో నింపేసిందట. ఫిజిక్స్ రికార్డు అట్ట మీద కూడా అవే. క్లాసులో అందరికీ అది "వెన్నెల డిజైన్". ప్రదర్శనలో తీసిన ఫొటో ఒకటి ఇన్‌స్టాగ్రామ్‌లోకి వచ్చిందంటే, ఆ కాలేజీలో ఒక్కరు చూస్తే చాలు, తను ఎక్కడుందో, ఎందుకు మానేసిందో అందరికీ తెలిసిపోతుంది. బొమ్మకు సంతకం కింద మూలన ఉంటుందనుకుంటాం. వెన్నెల సంతకం షీటంతా ఉంది.

2017 చట్టం చికిత్సలో ఉన్న వ్యక్తి ఫొటో గానీ మరే సమాచారం గానీ వాళ్ళ అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదంటుంది. అమ్మ నోటిమాటతో ఇచ్చిన సరే ఇక్కడ పనికిరాదని నా అభిప్రాయం. రాతపూర్వకంగా ఇచ్చినా, వెన్నెల వద్దంటే నేను ఇచ్చేదాన్ని కాదు.

ఇలాంటి ప్రదర్శనల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు హైడెల్బర్గ్ గుర్తొస్తుంది. జర్మనీలోని ఆ ఊళ్ళో హన్స్ ప్రింజ్‌హార్న్ అనే సైకియాట్రిస్టు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మానసిక చికిత్సాలయాల్లో ఉన్న రోగుల బొమ్మలు సేకరించి పెద్ద సంగ్రహం తయారుచేశాడు. ఆయన వాటిని కళగా చూశాడు, గౌరవంతోనే చూపించాడు, వేసినవాళ్ళకు మారుపేర్లు పెట్టాడు. తర్వాత నాజీలు అధికారంలోకి వచ్చారు. ఆధునిక కళను "భ్రష్ట కళ" అని ఎగతాళి చెయ్యడానికి వాళ్ళు పెట్టిన ప్రదర్శన 1938 నుంచి ఊరూరా తిరిగినప్పుడు, పక్కన పోల్చి చూపడానికి ఆ సంగ్రహంలోని బొమ్మల్నే వాడారు. ప్రింజ్‌హార్న్ 1933లోనే చనిపోయాడు. ఆయన ఫ్రాంజ్ పోల్ అని పేరు మార్చి పరిచయం చేసిన కళాకారుడి అసలు పేరు ఫ్రాంజ్ కార్ల్ బ్యూలర్. అతన్ని 1940లో నాజీలు మానసిక రోగుల హత్యల్లో భాగంగా చంపేశారు. ఇప్పుడు ఆ బొమ్మల కింద అతని అసలు పేరే వేస్తున్నారు, వెయ్యాలి కూడా.

ఈ కథలో రెండు సంగతులు ఒకదానికొకటి అడ్డం వస్తాయి. మంచి ఉద్దేశంతో ఒకరు దాచిన బొమ్మ రేపు ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు. పేరు దాచడం రక్షణే, కానీ ఆ దాచడమే మనిషి వేసిన బొమ్మ మీద అతని పేరు లేకుండా కూడా చేస్తుంది. ఏది కావాలో క్లయింటు చెప్పాలి. అది కూడా ఒక్కసారి అన్నింటికీ కలిపి కాదు, ఈ బొమ్మ, ఈ చోట, వీళ్ళ కోసం అని విడివిడిగా.

ఆస్పత్రి వాళ్ళకు ఇంకో దారి చెప్పాను. ఆ రోజు వరండాలో పెద్ద బల్ల వేసి, కాగితాలూ రంగులూ పెట్టండి, డాక్టర్లు, నర్సులు, సెక్యూరిటీ వాళ్ళు, చూడటానికొచ్చినవాళ్ళు ఎవరైనా కూర్చుని వేస్తారు, అవే గోడకు తగిలించండి అని. అలాగే చేశారు. ఏది పేషెంటుదో ఏది డాక్టరుదో ఎవరికీ తెలియలేదు. ప్రదర్శన బాగుందని అందరూ అన్నారు, "వచ్చినప్పుడు, ఇప్పుడు" అన్న పోస్టరు లేని లోటు ఎవరికీ కనిపించలేదు.

ఫోల్డరు పంపకం

చివరి సెషన్లలో ఫోల్డరు మొత్తం నేల మీద పరిచాం. ఏది ఇంటికి, ఏది ఇక్కడే, ఏది నీళ్ళ బకెట్‌లోకి అన్నది తన నిర్ణయం. నేను ఒక ప్రశ్న మాత్రం ప్రతిదానికీ అడిగాను: "ఇంట్లో ఎక్కడ పెడతావు?" సొంత గది లేని పిల్లలకు ఇది పెద్ద ప్రశ్న. బీరువా పైన పెట్టిన చుట్టను పండక్కి దులిపేటప్పుడు పిన్ని విప్పి చూస్తుంది. తను ఆలోచించి, ఎవరు చూసినా ఫరవాలేదనుకున్నవే తీసుకుంది.

బకెట్ల బొమ్మ దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత కత్తెర అడిగింది. బోర్లించిన తన బకెట్‌ను మాత్రం జాగ్రత్తగా కత్తిరించి తీసుకుంది. పేర్లున్న మిగతా వరసంతా చించి నీళ్ళల్లో వేసింది. "వాళ్ళవి నేను పట్టుకెళ్ళకూడదు కదా," అంది.

డిసెంబరు బొమ్మను కూడా పారేద్దామంది. దానికి ఒప్పుకోలేదు. డాక్టరుగారు ఫాలో అప్ ఆపేదాకా అది కవర్లో ఉండాలని, ఆ తర్వాత తను వచ్చి ఏం చెయ్యమంటే అది చేస్తానని చెప్పాను. తన సంరక్షణలో తీసుకున్న ఒక నిర్ణయానికి అది ఆధారం, రేపు ఎవరైనా అడిగితే నేను సమాధానం చెప్పుకోవాలి. నచ్చలేదు గానీ ఒప్పుకుంది. ఇద్దరం ఆ మాట ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టాం. అందులో ఇంకో వాక్యం ఉంది: 18 నిండాక నాన్న అనుమతితో పని లేదు, కవరు గురించి నేను మాట్లాడేది వెన్నెలతోనే.

కొన్ని నెలల తర్వాత వాళ్ళమ్మ కంగారుగా ఫోన్ చేశారు. "మేడమ్, తన బొమ్మలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది, అసలు పేరుతోనే. ఆ డిజైన్‌తో ఉన్నవే. గోప్యం గోప్యం అని ఏడాది పాటు నాకు కూడా చూపించలేదు, ఇప్పుడు ఊరంతా చూస్తోంది. మీరే సరేనన్నారా?"

నన్ను అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. అవి తన బొమ్మలు. మేం కాపాడింది బొమ్మను ఎవరూ చూడకూడదని కాదు. అది ఏ గదిలో, ఏ రోజుల్లో, ఎందుకు పుట్టిందో తను చెప్పనిదే ఇంకెవరూ చెప్పకూడదని. ఇన్‌స్టాగ్రామ్‌లో అది ఒక అమ్మాయి వేసిన బొమ్మ, అంతే. ఆవిడకు అదే చెప్పి, కింద కామెంట్లలో బంధువులెవరూ "థెరపీ" అన్న మాట రాయకుండా చూడమన్నాను.

నేను ఆ అకౌంటును ఫాలో అవ్వను, ఏ బొమ్మకూ లైక్ కొట్టను. నా ప్రొఫైల్లో పేరు పక్కన ఆర్ట్ థెరపిస్ట్ అని ఉంది.